హూఫ్‌నాగెల్ మార్గనిర్దేశం

మనుషులు ఒకరితో ఒకరు చెప్పుకోగల మాటలు ఈ ప్రపంచంలో ఐదు రకాలే. ఈ సంగతి బ్రస్సెల్స్‌లో ఎప్పుడో తేల్చి, ఒప్పందంలో రాసి, ఇరవై ఏడు దేశాల చేత సంతకాలు కూడా పెట్టించారు. ఆరో రకం మాట ఎవరైనా మాట్లాడితే అది ఉత్త శబ్దం కిందికి వస్తుంది (శబ్దాల విభాగం రెండో అంతస్తులో ఉంది, బుధవారం సెలవు).

శాసనం అంటే, ఇరవై ఏడు ఇళ్లలోనూ ఈ పూట ఒకటే సూపు, ఒకటే ఉప్పు, కాదనడానికి లేదు. మార్గనిర్దేశం అంటే అందరి కడుపూ నిండాలి, ఏం వండుకుంటారో మీ ఇష్టం, గడువు రెండేళ్లు. నిర్ణయం అయితే ఫలానా ఆయన, పేరు పెట్టి మరీ, తినాల్సిందే. సిఫార్సు: తింటే బాగుంటుంది. అభిప్రాయం: ఉప్పు కాస్త తగ్గిందేమో. చివరి రెండింటికీ ఎవరూ కట్టుబడక్కర్లేదు. అందుకేనేమో, చదవడానికి అవే హాయిగా ఉంటాయి.

ఆ ఇరవై ఏడు దేశాల సమాఖ్య కార్యాలయం ఆరో అంతస్తులో, వచ్చిన ప్రతి కాగితమూ ఈ ఐదింటిలో ఏదో తేల్చడం లీవెన్ హూఫ్‌నాగెల్ ఉద్యోగం. ఇరవై ఆరేళ్లుగా తేలుస్తున్నాడు. మొదటి వాక్యం చదివితే చాలు, కాగితం జాతకం చెప్పేస్తాడు. అంత చేయి తిరిగిన మనిషికి యాభై నాలుగో ఏట పెద్ద చిక్కే వచ్చి పడింది. లాత్వియన్ అనువాదకురాలు జింత్రా జూన్ నెలాఖరుకు ఉద్యోగం ముగించుకుని, లాత్వియాలో, రీగాలో ఉన్న వాళ్లక్క దగ్గరికి వెళ్లిపోతోంది. పదకొండేళ్లుగా ప్రతి గురువారం మధ్యాహ్నం వాళ్లిద్దరూ చౌకులో బండి దగ్గర నిలబడి, ఒకే పొట్లంలోంచి ఫ్రైస్ మయొనైజులో ముంచుకుని తింటున్నారు. లీవెన్‌కు ఆమె అంటే ప్రాణం. ఆ మాట ఆమె వెళ్లేలోపు చెప్పి, ఉండిపొమ్మని అడగాలి. కానీ ఏ రూపంలో?

విభాగాధిపతి ఒర్నెల్లా గది తలుపు తట్టాడు.

"శాసనం అయితే ఎలా ఉంటుంది మేడమ్? ప్రచురించిన ఇరవయ్యో రోజు నుంచి ఇద్దరికీ నేరుగా వర్తిస్తుంది."

"దాన్ని పెళ్లనరయ్యా, ఎత్తుకుపోవడం అంటారు."

"పోనీ నిర్ణయం? ఆమె పేరు మీదే..."

"ఆమె సంగతి నిర్ణయించడానికి నువ్వెవరివి?"

"సిఫార్సు?"

"పోయిన చలికాలం మఫ్లర్ కట్టుకోమని సిఫార్సు చేశావుగా. కట్టుకుందా?"

కట్టుకోలేదు. అభిప్రాయం ఊసు ఇద్దరూ ఎత్తలేదు.

"వెళ్లి నోటితో అడగవయ్యా బాబూ!" అంది ఒర్నెల్లా.

"నోటితో అడిగితే అది ఏ రకం కిందికి వస్తుంది మేడమ్?"

పదహారేళ్లుగా ఆ విభాగాన్ని నడుపుతున్న ఒర్నెల్లా బీరువాలోంచి ఒప్పందం తీసి, వేలు పెట్టి వెతకడం మొదలుపెట్టింది.

ఇక మిగిలింది మార్గనిర్దేశమే. ఫలితం ఖాయం, పద్ధతి అవతలివారి ఇష్టం. అంతకంటే మర్యాద ఏముంటుంది? లీవెన్ నమూనా పత్రం తెరిచి మూడు వారాలు కూర్చున్నాడు. ముందు కారణాలు పద్నాలుగు. 'పదకొండేళ్లుగా మయొనైజు ఒక్కటే పంచుకుంటున్నందున', 'ఆమె నవ్విన రోజున ఇతర కాగితాలు ముందుకు సాగనందున'. తర్వాత మొదటి అధికరణం: ఈ పత్రం అందుకున్నవారు హూఫ్‌నాగెల్‌తో ఒకే ఇంట్లో ఉండవలెను. ఏ ఊళ్లో, ఉంగరంతోనా, ఉంగరం లేకుండానా అన్నది అందుకున్నవారి ఇష్టం.

పత్రం నియమం ప్రకారం పదకొండు విభాగాలు తిరిగి వచ్చింది. చేపల విభాగం అభ్యంతరం లేదంది. వ్యవసాయం వారు పెరడు గురించి ఒక మాట చేర్చమన్నారు, చేర్చాడు. ఆ తర్వాత, అంతే నియమం ప్రకారం, ఇరవై నాలుగు భాషల్లోకి అనువాదానికి వెళ్లింది. మంగళవారం ఉదయం, లాత్వియన్‌లోకి మార్చాల్సిన కాపీ జింత్రా బల్ల మీదికి చేరింది.

గురువారం బండి దగ్గర ఆమే మొదలుపెట్టింది.

"ఈ వారం ఒక కాగితం వచ్చిందండీ. పదకొండేళ్లలో అంత మంచి కాగితం నా బల్ల మీదికి రాలేదు. నాలుగో కారణం దగ్గర లేచి, కాసేపు కిటికీ దగ్గరికి వెళ్లాను."

లీవెన్ చెవులు ఎర్రబడ్డాయి. "అయితే... మీరేమంటారు?"

"నేనేమనాలి? నాకు రాలేదుగా."

"అదేంటి! మీకు కాక ఇంకెవరికి?"

"చివరి అధికరణం చూసుకోలేదా? 'ఈ మార్గనిర్దేశం సభ్యదేశాలన్నింటికీ ఉద్దేశించినది.' మాల్టాకి వెళ్లింది. ఫిన్లాండ్‌కి వెళ్లింది. నేను సభ్యదేశాన్ని కాదుగా లీవెన్ గారూ."

నమూనా పత్రంలో ఆ చివరి వాక్యం ఎప్పుడూ ఉండేదే. ఇరవై ఆరేళ్లలో దాన్ని చదవాల్సిన అవసరం ఎవరికీ రాలేదు, అతనికి అసలే రాలేదు.

జింత్రా పొట్లం అతని చేతిలో పెట్టింది. "ఇప్పుడు నేనిక్కడే ఉన్నాను. నన్నే అడగండి. ఇవి చల్లారేలోపు అడగండి."

లీవెన్ అడగాలనే అనుకున్నాడు. కానీ ఏ రకమో తేలని వాక్యం ఒక్కటైనా అతను ఇంతవరకు బయటికి వదిలిన మనిషి కాదు.

"సవరణ పత్రం పెడతాను," అన్నాడు చివరికి. "పద్నాలుగు వారాల్లో మీ పేరు చేరుతుంది."

"నా విమానం శనివారం," అంది జింత్రా. ఒక ఫ్రై తీసుకుని, మయొనైజులో ముంచి, నెమ్మదిగా తినేసింది. తర్వాత అతని కోటు కాలర్ సర్ది ఆఫీసుకు వెళ్లిపోయింది.

మార్గనిర్దేశం మాత్రం చక్కగా అమలైంది. ఒక దేశం వంటగది వరకు మినహాయింపు కోరింది. ఇంకొకటి, ఎంతో ఉత్సాహంగా, సముద్రం కనపడే గది చూసిపెట్టి అతనికి తాళంచెవి పంపింది. రెండేళ్ల గడువు ముగిసేనాటికి ఇరవై ఆరు దేశాలు హూఫ్‌నాగెల్‌తో ఒకే ఇంట్లో ఉండటానికి చట్టాలు చేసుకున్నాయి. ఒక్క లాత్వియా నుంచే జవాబు రాలేదు.

గడువు దాటిన దేశానికి హెచ్చరిక లేఖ పంపాలి. అది లీవెన్ తన చేత్తోనే రాశాడు. కారణాలు లేవు, అధికరణాలు లేవు, రమ్మని ఒక్కటే వాక్యం. ఒర్నెల్లా చదివి, కళ్లద్దాలు తుడుచుకుని, ఇది ఏ రకమని అడగకుండా సంతకం పెట్టింది.

లేఖ లాత్వియన్ అనువాదం కోసం ఎదురుచూస్తోంది. జింత్రా లేచి వెళ్లిన ఆ కుర్చీ రెండేళ్లుగా ఖాళీగా ఉంది.