బావగారి వెనక పరిగెత్తిన శ్రుతి

ఆ శనివారానికి చిన్నకోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. కర్టెన్లు ఉతికి ఆరేయడం, భోజనాలయ్యాక మర్నాటి ఆరాధన పాటలు ఓసారి కీబోర్డు మీద వాయించి చూసుకోవడం, ఎవరూ లేపకపోతే ఒక కునుకు తీయడం. మొదటి కర్టెను బకెట్లో మునిగిందో లేదో, మేడ మీది వాటా నుంచి తోడికోడలు దిగి వచ్చింది. ఆమె చేతిలో గరిటె ఉంది. అది చేతిలో ఉన్న సంగతి ఆమెకు గుర్తున్నట్టు లేదు.

"మీ బావగారు సోమవారం షాపుకెళ్లి పని మానేస్తున్నానని చెప్పేస్తారట."

"ఏ షాపు అక్కా?"

"ఎన్ని షాపుల్లో పనిచేస్తున్నారే ఈయన? కళ్లజోళ్ల షాపే. ఇకమీదట ఊరూరా తిరిగి పాటలు పాడతారట. అదే పరిచర్యట. పిల్లల చదువులు, ఇంటద్దె అన్నీ ప్రభువే చూసుకుంటాడట. ప్రభువు ఆ పని చూసుకోమనే కదా ఈయనకి ఉద్యోగం ఇచ్చాడు!"

చిన్నకోడలు చేతులు తుడుచుకుని మెట్ల మీద కూర్చుంది. నవ్వాలో భయపడాలో తేల్చుకోవడానికి కొంచెం కూర్చోవలసిన విషయమే అది.

బావగారు కళ్లు పరీక్షించి అద్దాలు బిగించే మనిషి. ఆ కుర్చీలో కూర్చున్నవాడు ఎంత గొప్పవాడైనా సరే, గోడ మీద చార్టులో కింది వరుస చదవలేకపోతే "మీకు చూపు తగ్గిందండీ" అని మొహం మీదే చెప్పేవాడు. ఆ షాపుకు జనం వచ్చేది అందుకే. అటువంటి మనిషి ఆదివారం మైకు పట్టుకుంటే మాత్రం పల్లవి మేడ మీద మొదలై, చరణం సగానికి వచ్చేసరికి నేలమాళిగలో తేలేది. అయినా పాట కాగానే సంఘమంతా ఆయన్ని చుట్టుముట్టేది. స్తోత్రం మామ్మ అయితే, ఆమె నోట మరో మాట రాదు గనకే ఆ పేరు, కళ్లు ఒత్తుకుంటూ చేతులు పట్టుకునేది. కిందటి ఆదివారం పాస్టరుగారు ఏకంగా మైకులోనే "మన సహోదరుని గొంతు దేవుడు మనకిచ్చిన కానుక" అన్నారు. ఆ మాట ఆయనకు గుండెలోకి దిగి, అక్కడి నుంచి ఉద్యోగం మీదికి వచ్చింది.

"నువ్వే చెప్పాలే. సంగీతం నేర్చుకున్నదానివి. నేను చెబితే పెళ్లాం ఏడుపంటారు," అంది పెద్దకోడలు.

చిన్నకోడలికి నాన్చడం రాదు. కర్టెన్లు బకెట్లోనే వదిలేసి మేడెక్కింది.

"బావగారూ, మీకు శ్రుతి నిలవదు. ఆ ఉద్యోగం మానకండి."

బావగారు బూట్లు పాలిష్ చేసుకుంటున్నాడు. తలెత్తి ఆప్యాయంగా నవ్వాడు.

"నీలో నాకు నచ్చేది ఇదేనమ్మాయ్. అందరూ పొగుడుతుంటే నాకు గర్వం రాకూడదని నువ్వొక్కదానివి ఇలా అంటావు. నిన్ను ప్రభువే పంపాడు."

"నన్ను పంపింది అక్క."

"చూశావా, ఎంత వినయమో!" అన్నాడాయన, వెనకే మెట్లెక్కి వచ్చిన భార్యతో.

చిన్నకోడలు అక్కడి నుంచి తిన్నగా పాస్టరుగారింటికి వెళ్లింది. ఆయన మర్నాటి ప్రసంగం సిద్ధం చేసుకుంటున్నారు. అంశం, ముఖస్తుతి వల్ల కలిగే ప్రమాదాలు.

"అయ్యగారూ, మా బావగారు బాగా పాడతారని మీరు నిజంగా అనుకుంటున్నారా?"

పాస్టరుగారు కలం కిందపెట్టి కిటికీలోంచి బయటికి చూశారు. "ప్రోత్సాహం కోసం అన్నానమ్మా."

"అయితే ఆ ప్రోత్సాహం దయచేసి వెనక్కి తీసుకోండి. అది ఇప్పుడు ఇద్దరు పిల్లల ఇస్కూలు దాకా వచ్చింది."

ఆయన నిజంగానే కంగారుపడ్డారు. అప్పటికప్పుడు బావగారికి ఫోన్ చేశారు. అయితే మంచిగా మాట్లాడటం అలవాటైన నోరు కదా, ఒక్కసారిగా తిరగదు. "సహోదరా, మీ పాట గురించి ఒక మాట..." అని మొదలుపెట్టారు. అవతలి నుంచి "చెప్పండయ్యగారూ!" అని సంబరంగా వినిపించింది. ఆయన మాట మార్చారు. "అదే... రేపు ఒకటి కాదు, రెండు పాడండి," అని ఫోన్ పెట్టేశారు.



"నోరు జారిందమ్మా," అన్నారాయన.

"జారింది మా బావగారి ఉద్యోగం అయ్యగారూ."

ఆమె ఇంటికి వచ్చేసరికి కబురు ఆమె కంటే ముందే చేరి సంఘమంతా చుట్టేసింది. కొత్త పరిచర్య కోసం రేపు ప్రత్యేక ప్రార్థన. పక్క సంఘం వాళ్లు కూడా వస్తున్నారు. హాల్లో ఆమె భర్త నేల మీద ఒక పొడవాటి గుడ్డ బ్యానరు పరిచి చూసుకుంటున్నాడు. అందులో బావగారి మొహం తలుపంత ఉంది.

"మీ అన్నయ్య పాట మీకెలా ఉంటుంది?" అని అడిగింది.

"ఘోరంగా."

"మరి ఇదేంటి?"

"నిజం చెబితే అన్నయ్య బాధపడతాడే. అందుకని బ్యానరు చేయించా."

మధ్యాహ్నం ఆమె కోపమంతా కీబోర్డు మీద చూపిస్తుంటే పెద్దకోడలు వచ్చి పక్కన నిలబడింది. ఈసారి గరిటె లేదు. కొంచెంసేపు చూసి, "ఆ మూల బటన్ని మాటిమాటికీ ఎందుకు నొక్కుతున్నావే?" అంది.

"ఇది శ్రుతి మార్చే బటన్ అక్కా. బావగారు చరణంలో కిందికి జారగానే ఇది నొక్కి నేనూ జారతాను. అలవాటైపోయింది. లేకపోతే తప్పు తెలిసిపోతుంది."

"ఎవరికి?"

"అందరికీ."

"ఆయనక్కూడానా?"

చిన్నకోడలి వేళ్లు ఆగిపోయాయి. నోటితో ఎన్నడూ ఎవరినీ పొగడలేదని ఆమెకు లోలోపల కాస్త గొప్పగా ఉండేది. పాస్టరుగారిది నోరు, మొగుడిది బ్యానరు, తనది వేలు. అంతేగా తేడా! ఉన్నదానికి లేనిది అతికించి మనిషిని మోసపోనివ్వడమే పొగడ్తయితే, ఆ సంఘంలో ఆయన్ని అందరికన్నా ఎక్కువగా పొగిడింది తనే.

"రేపు నొక్కను," అంది.

"నలుగురిలో నవ్వులపాలవుతారే!"

"అందుకే ముందు ఇంట్లోనే చూపిద్దాం. బావగారిని కిందికి పిలువు, ఓసారి పాడి చూసుకుందాం."

పెద్దకోడలు మేడెక్కి, మొహం వేలాడేసుకుని దిగింది. "ప్రాక్టీసు నేర్చుకునేవాళ్లకట. అయ్యగారే అన్నారట ఎప్పుడో."

ఆదివారం గుడి కిటకిటలాడింది. పాస్టరుగారు ముఖస్తుతి మీద గంట దాటి మాట్లాడారు. మనిషికి లేని మహిమ అంటగట్టడం దేవుడి దగ్గర దొంగిలించడమేనన్నారు. ప్రేమతో నిజం చెప్పే ఓపిక లేనివాడే పొగుడుతాడన్నారు. జనం ఎంతో శ్రద్ధగా విని, ఎవరికి వారు పక్కవాళ్ల వైపు చూశారు. తర్వాత బావగారు బ్యానరు కింద నిలబడి మైకు అందుకున్నాడు.

పల్లవి బాగానే ఉంది. చరణంలో గొంతు యథాప్రకారం కిందికి బయలుదేరింది. చిన్నకోడలి వేలు బటన్ వైపు వెళ్లబోయింది. ఆమె రెండో చేత్తో దాన్ని పట్టుకోలేదు గానీ, దాదాపు అంత పనీ అయింది. కీబోర్డు ఉన్నచోటే ఉంది. గొంతు దిగుతూ పోయింది. రెండిటి మధ్యా పడిన సందులో ముందు వరుసలోని చంటిపిల్ల ఏడుపందుకుంది.

"స్తోత్రం!" అంది మామ్మ.

"కీబోర్డు పాడైంది!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. అన్నగారి పరువు కాపాడటానికి చిన్నకోడలి భర్త ఒక్క గెంతులో వచ్చి కీబోర్డు వైరు పీకేశాడు.

ఇక మిగిలింది బావగారి గొంతొక్కటే. ఇన్నేళ్లలో మొదటిసారి దానికి తోడెవరూ లేరు. ఆయన రెండు వాక్యాలు పాడి, తన గొంతు తనే విని, ఆగిపోయాడు.

"తమ్ముడూ, వైరు పెట్టరా. అమ్మాయ్, ఎప్పటిలా వాయించు."

"ఎప్పటిలా వాయించను బావగారూ."

చిన్నకోడలు రెండు చేతులూ కీబోర్డు మీంచి తీసేసింది.

"ఎప్పటిలా అంటే మీరు ఎటు జారితే అటు మీ వెనక పరిగెత్తడం. ఇక పరిగెత్తను. నిన్న ఇంట్లోనే చూపిద్దామనుకున్నాను, మీరు దిగిరాలేదు. మీ షాపులో ఒకాయనకి కింది వరుస కనపడలేదనుకోండి, ఏం చేస్తారు?"

"అద్దాలు రాస్తాను."

"నేను మీకు అద్దాలు రాయలేదు."

బావగారు కీబోర్డు వైపు, ఆమె వేళ్ల వైపు, తలుపంత ఉన్న తన మొహం వైపు చూశాడు. పనిలో ఉన్నప్పటి గొంతు వచ్చింది ఆయనకు. "అంటే ఇన్నేళ్లూ నువ్వు నా కోసం చార్టుని దగ్గరికి జరుపుతూ వచ్చావన్నమాట."

"అవును. తప్పు నాదే. క్షమించండి."

"ఎంత పొగరో చూడండి, ప్రేమ లేని మనిషి!" అని పక్క సంఘం ఆవిడ గొణిగింది. చిన్నకోడలు ఆ వైపు తల కూడా తిప్పలేదు.

బావగారు జనం వైపు తిరిగాడు. "నా పాట ఎలా ఉంటుంది? ఒట్టి నిజం చెప్పండి." అందరూ బైబిళ్లలో ఏదో వెతుక్కోసాగారు. ఆయన ఆశగా మామ్మ దగ్గరికి వెళ్లి, చెవి దగ్గర వంగి అదే మాట గట్టిగా అడిగాడు.

"నాకు రెండు చెవులూ పోయి చాలా ఏళ్లయింది నాయనా," అంది మామ్మ. "నీ నోరు కదిలితే స్తోత్రం అంటాను."

మొదట నవ్వింది బావగారే. కడుపు పట్టుకుని, కళ్లజోడు తీసి, కళ్లు తుడుచుకుని మరీ నవ్వాడు. పాస్టరుగారు లేచి, "సహోదరా, ఇప్పటిదాకా ప్రసంగం చెప్పింది నాకు నేనే అనుకుంటాను," అన్నారు. ప్రత్యేక ప్రార్థన మాత్రం జరిగింది, సోమవారం బావగారు వేళకు షాపుకెళ్లాలని. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది పెద్దకోడలు.

గుమ్మం దగ్గర చేతులు కలుపుతూ పాస్టరుగారు చిన్నకోడల్ని ఆపారు. పాపం, అలవాటు. "ఇవాళ వాక్యం ఎలా ఉందమ్మా?"

ఆమె భర్త వెనక నుంచి చీర కొంగు లాగాడు. ఆమె కొంగు విడిపించుకుంది.

"మొదటి సగం బాగుంది అయ్యగారూ. రెండో సగంలోనూ అదే ఉంది."

తర్వాతి ఆదివారం ఆరాధన ఎంత పెందలాడే ముగిసిందంటే, బృందంలో చివర నిలబడి పాడిన బావగారితో "ఇవాళ శ్రుతిలోనే ఉన్నారు" అని చెప్పే తీరిక చిన్నకోడలికి దొరికింది. ఆయన ఆ మాట నమ్మకుండా, శ్రుతి మార్చే బటన్ మీద దుమ్ముందో లేదో వెళ్లి చూసి వచ్చాడు.