తాబేళ్ల బేరంలో ఇల్లాలు

ఆ సెలవురోజు పొద్దున భార్యాభర్తలిద్దరూ కలిసి కళ్లద్దాల కొట్టుకు వెళ్లాలన్నది ఒప్పందం. తొమ్మిదింటికి చూస్తే భర్త తన చొక్కా తానే ఇస్త్రీ చేసుకుంటున్నాడు. పదకొండేళ్ల కాపురంలో ఆయన ఇస్త్రీపెట్టె ముట్టుకోగా లెక్కల టీచరమ్మ అయిన భార్య ఎన్నడూ చూడలేదు. పైగా రెండుసార్లు సెంటు కొట్టుకున్నాడు. ఎక్కడికని అడిగితే ఆఫీసు పనన్నాడు. అడవి జంతువుల దొంగ వ్యాపారాన్ని పట్టుకునే ఇన్‌స్పెక్టరుకు సెంటుతో ఏం పని? ఆయన గడప దాటగానే ఆవిడా చెప్పులేసుకుంది.

ఆయన బాధ ఆయనది. నక్షత్ర తాబేళ్లు అమ్మే మనిషిని పట్టుకోవడానికి మూడు నెలలుగా డబ్బున్న వ్యాపారిలా నటిస్తున్నాడు. సరుకుతో సహా దొరికితే ఏడేళ్ల దాకా జైలు, దొరక్కపోతే కేసే నిలబడదు. పోయినసారి ఖాళీ సంచీ పట్టుకుని మెమో తిన్నాడు. ఈసారీ జారిపోతే ఉద్యోగం ఊడుతుందని పైవాళ్లు మొహం మీదే చెప్పారు. ఈ వేషం సంగతి ఇంట్లో చెప్పకూడదని రూలు. ఆ అమ్మే మనిషి ఆడమనిషి కావడం అసలు చిక్కు.

టీచరమ్మ ఆయన బస్సు వెనకాలే వచ్చిన బస్సెక్కి, ఆయన దిగిన చోటే దిగి, ఆయన వెళ్లిన కాఫీ హోటలు అద్దంలోంచి తొంగిచూసింది. ఎవరో ఆవిడ కప్పులో చక్కెర వేసి చెంచా తిప్పుతున్నాడు మొగుడు. సెంటునైనా క్షమించేదేమో గానీ ఆ చెంచాను చూసి తట్టుకోలేకపోయింది.

లోపల బేరం బెడిసికొడుతోంది. ఒళ్లోని సంచీని గట్టిగా పట్టుకున్న ఆ అమ్మకందారు, ఈ రోజుకు మాటలే, సరుకు ఇంకోసారి చూద్దామంటూ లేవబోయింది. సరిగ్గా అప్పుడే టీచరమ్మ వచ్చి బల్ల ముందు నిలబడింది.

"ఇదేనాండీ మీ ఆఫీసు పని?"

"ఆఫీసేంటి? ఈయన వ్యాపారి కదా?" అంది సంచీ ఆవిడ, అనుమానంగా.

"వ్యాపారా? ఈయన..."

ఇంకొక్క మాట బయటికొస్తే మూడు నెలల కష్టం బూడిదపాలు. ఇన్‌స్పెక్టరుకు నోటికందిన అబద్ధం ఒక్కటే. సంచీ ఆవిడను చూపిస్తూ భార్యతో అనేశాడు.

"దాచి లాభం లేదు. ఈవిడంటే నాకిష్టం. మూడు నెలలుగా."

టీచరమ్మ మాట అందుకునేలోపే, పక్క బల్ల దగ్గర పేపరు చాటున కూర్చున్న భారీ మనిషి కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. పోలీసులొస్తే సైగ చెయ్యడానికి అక్కడ కూర్చున్న అమ్మకందారు మొగుడతను. ఈ బేరం ఇన్నాళ్లుగా ఎందుకు సాగుతోందా అని అతనూ లోలోపల కుతకుతలాడుతున్నాడు.

"తాబేళ్లని చెప్పి నువ్వు నడిపేది ఇదా?"

"నీ మీద ఒట్టు, బేరమేనయ్యా."

"అయితే సరుకేదీ?"

అవమానంతో ఆవిడకు ఏడుపొచ్చింది. సంచీ జిప్పు లాగి అరచేతిలో పట్టే పిల్ల తాబేళ్లను ఒక్కొక్కటే బల్లమీద పెట్టింది. "ఇవిగో, ముప్పై ఒకటి. ఇప్పుడైనా నమ్ముతావా?"

అతను నమ్మాడు. పెళ్లాం కన్నీళ్లు తుడిచాడు. అప్పటిదాకా మూల బల్ల దగ్గర మామూలు బట్టల్లో కాఫీ తాగుతున్న ఇన్‌స్పెక్టరు మనుషులు నలుగురూ లేచి, ఇద్దరికీ బేడీలు వేశారు.

తిరిగొచ్చే బస్సులో ఇన్‌స్పెక్టరు మొదటి నుంచీ అంతా చెప్పాడు. టీచరమ్మ శ్రద్ధగా విన్నది.

"అంతా బాగానే ఉంది. ఇష్టమన్న మాట అంత తడుముకోకుండా ఎలా వచ్చిందండీ?"

కళ్లద్దాల కొట్టు స్టాపు వచ్చిందంటూ ఆయన గబగబా లేచాడు. పట్టుబడ్డ దంపతులు కావాలంటే పైకోర్టుకు వెళ్లొచ్చు. ఇన్‌స్పెక్టరుకు ఆ వీలు లేదు.