టమాటాలకు నాలుగు రోజులు నీళ్ళు

సోమవారం ఉదయం ఏడున్నరకు ఎల్డన్ ట్వెట్ వంటింటి బల్ల ముందు కూర్చుని, పాత కాలెండరు కాగితం వెనక షికాగో ప్రయాణానికి జాబితా రాసుకున్నాడు. హోటలు. సరస్సు ఒడ్డు. మగవాళ్ళ బృందగానం కచేరీ. ఇంద్రధనుస్సు రంగుల స్తంభాలున్న ఆ వీధి. చివర 'చెయ్యి' అని ఒక్క మాట రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాడు.

చెయ్యి సంగతి మెర్ల్‌ది. ఎదురుగా కూర్చుని రొట్టెకు వెన్న రాసుకుంటున్న మెర్ల్ హాగెన్‌కు డెబ్భై ఒకటి, ఎల్డన్ కన్నా రెండేళ్ళు పెద్ద. ఊరి బళ్ళో సంగీతం నేర్పి రిటైరయ్యాడు, ఇప్పటికీ ఆదివారాలు చర్చిలో ఆర్గన్ వాయిస్తాడు. ఇద్దరూ ముప్ఫై నాలుగేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నారు. మిన్నెసోటాలోని ఆ చిన్న ఊరు వాళ్ళను 'బ్రహ్మచారులిద్దరూ' అంటుంది. చలికాలంలో వాకిట్లో మంచు ఎత్తడానికి ఒకరికొకరు సాయం అని ఎల్డన్ మొదట్లో ఎవరికో ఒకసారి చెప్పాడు. ఆ మాటకు సాక్ష్యంగా మేడ మీద రెండో గదిలో రెండో మంచం ఉంది. ఎవరూ పడుకోని ఆ మంచానికి అతను ప్రతి శనివారం దుప్పటి మారుస్తాడు.

మెర్ల్ దేనికీ సణిగే మనిషి కాడు. ఇన్నేళ్ళలో అడిగింది ఒక్కటే. ఒక్క వీధి, పగటిపూట, ఎల్డన్ చెయ్యి పట్టుకుని ఈ చివరి నుంచి ఆ చివరికి నడవాలి. ఎల్డన్ ముప్ఫై నాలుగేళ్ళు "చూద్దాం" అంటూ వచ్చాడు. పోయిన వారం మెర్ల్ మేడ మెట్లు దిగుతూ గోడ పట్టుకోవడం చూశాడు. ఆ సాయంత్రం, "షికాగోలో అయితే పట్టుకుంటా" అన్నాడు. గోడ సంగతి మాత్రం ఎత్తలేదు. అక్కడ రంగుల స్తంభాల వీధిలో తమలాంటి జంటలు పగలే చేతులు పట్టుకుని తిరుగుతాయని ఎక్కడో చదివాడు.

మినియాపొలిస్ నగరం ఇంకా దగ్గర. కానీ అక్కడ ఏ కూడలిలో చూసినా పళ్ళ డాక్టరు కోసం వచ్చిన ఊరివాడు ఒకడు తగులుతాడు.

ఎల్డన్ ధాన్యం గోదాములో కాటా దగ్గర నలభై ఏళ్ళు పనిచేశాడు. లారీ ఎక్కితే ఎంత, దిగితే ఎంత అని చూసి చూసి, మనుషుల చూపుల్ని కూడా అలాగే తూచడం నేర్చుకున్నాడు. హోటలుకు ఫోన్ చెయ్యడానికి ముందు స్నానాలగది అద్దం ముందు మూడుసార్లు సాధన చేశాడు. "మేం ఇద్దరం మగవాళ్ళం. ఒకే మంచం కావాలి." అవతలివాడు దగ్గితే ఏమనాలి, మాట్లాడకపోతే ఏమనాలి, పైఅధికారిని పిలుస్తానంటే ఏమనాలి, అన్నిటికీ జవాబులు సిద్ధం చేసుకున్నాడు. హోటలు కుర్రది విని, "కిటికీ సరస్సు వైపు ఉండాలా, వీధి వైపా అండీ?" అని అడిగింది. దానికి మాత్రం జవాబు సిద్ధంగా లేదు. తర్వాత చెబుతానని ఫోన్ పెట్టేశాడు.

ఇక మిగిలింది టమాటా మొక్కలు. పక్కింటి ఆర్డిస్ లోఫ్‌గ్రెన్‌కు డెబ్భై ఎనిమిది, చర్చి మహిళా సంఘానికి పెద్ద. ఎల్డన్ కంచె దగ్గరికి వెళ్ళి, వచ్చే వారం గురువారం నుంచి నాలుగు రోజులు మొక్కలకు నీళ్ళు పొయ్యగలరా అని అడిగాడు.

"దానికేం బాబూ, పోస్తాను. ఎక్కడికి వెళ్తున్నారు?"

"షికాగో."

"అంత దూరమా. ఏం పని మీద?"

ఎల్డన్ మనసులో కాటా ముల్లు కదిలింది. తన బూట్ల వైపు చూసుకున్నాడు. "ఏదో, చిన్న పని."

ఆ ఊళ్ళో ఎవరైనా పట్నం వెళ్తే ఎందుకో చెప్తారు. ట్రాక్టరు భాగాల కోసం, కూతురి కాన్పుకు, బేస్‌బాల్ ఆటకు. చెప్పకుండా నేల చూసి 'చిన్న పని' అన్నవాళ్ళు ఇంతవరకూ ముగ్గురే. ముగ్గురూ పెద్దాసుపత్రిలో కణితి తీయించుకోడానికి వెళ్ళినవాళ్ళే. ఆర్డిస్ తల ఊపింది. వాన పడేలా ఉందంది. ఇంట్లోకి వెళ్ళి ఫోన్ తీసింది.

చర్చిలో దాన్ని ప్రార్థన గొలుసు అంటారు. ఎవరికైనా బాగాలేకపోతే ప్రార్థించమని ఒకామె ఇంకొకామెకు ఫోన్ చెయ్యాలి, ఆమె మరొకామెకు. రోగం పేరు పలకకూడదు. మనిషి పేరు కూడా వీలైతే పలకకూడదు. కాబట్టి మధ్యాహ్నానికి ఊరంతటికీ తెలిసింది ఏమిటంటే, ఆ ఇంట్లో ఒకరికి బాగాలేదు. ఎవరికన్నది ఎవరికీ తెలియదు. అడగడం మర్యాద కాదు.

మూడు గంటలకు మొదటి హాట్‌డిష్ వచ్చింది. గాజు పళ్ళెంలో మాంసం, చిక్కుడుకాయలు, పైన బంగాళాదుంపల ఉండలు పరిచి ఓవెన్‌లో కాల్చినది. అడుగున కాగితపు టేపు మీద ఇచ్చినామె పేరు. ఆమె గుమ్మంలో నిలబడి ఉక్క పోస్తోందని చెప్పి వెళ్ళిపోయింది. అయిదింటికి రెండోది వచ్చింది. మర్నాటికి ఏడయ్యాయి.

ఆ ఊళ్ళో అడక్కుండా హాట్‌డిష్ రావడానికి రెండే కారణాలు, చావు, రోగం. ఇంట్లో ఎవరూ చావలేదు. ఎల్డన్ ఏడో పళ్ళెం వంక చూస్తూ లెక్క కట్టాడు. తనకు ఏ జబ్బూ లేదు. అంటే మెర్ల్‌కే. గోడ పట్టుకున్నది అందుకే. ఆర్డిస్‌తో చెప్పుకుని ఉంటాడు, తనతో చెప్పలేదు. తను భయస్తుడు కదా, తట్టుకోలేడని.

సరిగ్గా అప్పుడే అవతలి గదిలో మెర్ల్ కూడా లెక్క కడుతున్నాడు. తను మోకాలు పట్టేసి గోడ పట్టుకున్నాడు తప్ప రాయిలా ఉన్నాడు. అంటే ఎల్డన్‌కే. ముప్ఫై నాలుగేళ్ళు 'చూద్దాం' అన్న మనిషి ఉన్నట్టుండి చెయ్యి పట్టుకుంటానన్నాడంటే, పట్టుకోడానికి ఇంకా ఎక్కువ రోజులు లేవన్నమాట.

ఒకరి మీద ఒకరికి అంత ప్రేమ ఉన్న ఇంట్లో ఒక్క ప్రశ్నతో ఇదంతా తేలిపోవాలి. కానీ మనిషి మనసు భయపడే దాన్ని అడిగి తెలుసుకోదు, దాని చుట్టూ తిరుగుతూ ఇల్లు సర్దుతుంది. భోజనం దగ్గర మెర్ల్ ఫోర్కు కింద పెట్టాడు.

"నాతో చెప్పాల్సిందేమైనా ఉందా?"

ఎల్డన్ ఒక బంగాళాదుంప ఉండను పళ్ళెంలో అటూ ఇటూ దొర్లించాడు. "ఉప్పు తక్కువైంది" అన్నాడు. "నువ్వేమైనా చెప్పాలా?"

"అవును, తక్కువే" అన్నాడు మెర్ల్.

ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకరినొకరు గాజుబొమ్మల్లా చూసుకున్నారు. ఎల్డన్ చెత్తడబ్బా ఎత్తబోతే మెర్ల్ లాక్కున్నాడు. మెర్ల్ మెట్లెక్కుతుంటే ఎల్డన్ రెండు మెట్లు కింద చేతులు చాచి నడిచాడు. ఎవరికీ ఇంత సేవ జీవితంలో జరగలేదు, ఇంత దిగులుగా.

పళ్ళేలు తిరిగి ఇచ్చేయాలి కదా. ఖాళీ పళ్ళెం తిరిగి ఇవ్వడం అక్కడ తప్పు. మెర్ల్ నిమ్మకాయ కేకు చేసి, ముక్కలు కోసి, ఒక్కో పళ్ళెంలో సర్ది పంపాడు. అందుకున్నవాళ్ళు ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు తుడుచుకున్నారు. ఇంత రోగంలోనూ అప్పు ఉంచుకోకుండా వెళ్ళాలనుకుంటున్నారు పాపం అని, మళ్ళీ వండి పంపారు. శుక్రవారానికి ఫ్రిజ్ తలుపు మూతపడటం మానేసింది. ఆర్డిస్ తన రెండో ఫ్రిజ్‌ను ఇద్దరు రైతుల చేత మోయించి వీళ్ళ వసారాలో పెట్టించింది.

శనివారం పాస్టర్ క్రిస్టా వచ్చింది. ముప్ఫై ఏళ్ళ పిల్ల, ఊరికి కొత్త. షికాగోకు చర్చి వాన్‌లో దించుతామంది. అక్కర్లేదన్నాడు ఎల్డన్. పరవాలేదు, దించుతామంది. ఎందుకమ్మా మీకు శ్రమ అన్నాడు. మూడోసారి అడిగింది. మూడోసారి కూడా కాదనడం ఆ ఊళ్ళో తగువు పెట్టుకోవడంతో సమానం. నోరు దానంతట అదే "సరే మరి" అంది.

ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ చర్చి కింది హాల్లో కాఫీకి చేరారు. ఆర్డిస్ ఒక పెద్ద పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టి, మహిళా సంఘం తరఫున అంది. మిగతాదేమీ అనలేదు. మెర్ల్ విప్పాడు. బొంత. నీలం, తెలుపు ముక్కలు కలిపి కుట్టింది. ఆ సంఘం ఇన్నేళ్ళుగా రోగులకు బొంతలు కుడుతోంది. అన్నీ ఒంటిమంచానివే. కొలత మారదు. మెర్ల్ మడతలు విప్పుతూ పోయాడు. బొంత బల్ల దాటి, కుర్చీ దాటి, అవతలి కుర్చీ కూడా దాటింది. మెర్ల్ చేతులు ఆగాయి. అది ఇద్దరు పడుకునే మంచానిది.

ఎల్డన్‌కు కొలత కనబడలేదు. అతనికి కనబడిందల్లా తెల్లబోయిన మెర్ల్ మొహం. కాఫీ కప్పు ఎక్కడ పెట్టాడో తెలియలేదు. వెళ్ళి మెర్ల్ చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఎక్కడ నొప్పి? ఇప్పటికైనా చెప్పు నాయనా. నేను తట్టుకుంటాను."

"నాకా? నాకేం నొప్పి? జబ్బు నీది కదా."

"నాకేం జబ్బు?"

ఇద్దరూ ఆర్డిస్ వైపు చూశారు. ఆర్డిస్ ఇద్దరి వైపూ చూసింది.

"మరి షికాగోలో చిన్న పనన్నావు?" అంది ఆర్డిస్.

ఎల్డన్ తూచుకోడానికి చూశాడు. కాటా పని చెయ్యలేదు. "వీధిలో చెయ్యి పట్టుకుని నడుద్దామని. అక్కడైతే ఎవరూ ఏమీ అనుకోరని" అన్నాడు.

ఆర్డిస్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "చెయ్యి పట్టుకోడానికి ఏడు గంటల ప్రయాణమా? పోస్టాఫీసు ముందు కూడా కాలిబాట ఉందిగా."

అప్పుడు ఎల్డన్‌కు తన చేతుల్లో ఉన్నదేమిటో తెలిసింది. నలభై మంది ఎదుట, పగలు పదకొండున్నరకు. వదిలెయ్యాలని ఎక్కడో చిన్న ఆలోచన లేచింది. వేళ్ళు దాని మాట వినలేదు.

ఇద్దరు ముగ్గురు కప్పులు పెట్టేసి వెళ్ళిపోయారు. అందులో ఒకాయన దారిలో వీళ్ళ వసారాలో ఆగి భార్య పళ్ళెం కూడా తీసుకుపోయాడు, అందులోని నిమ్మకాయ కేకుతో సహా. మిగిలినవాళ్ళు ఉండిపోయారు. మెర్ల్ ఇంకా బొంత వంకే చూస్తున్నాడు. మీకెలా తెలుసు అని అడిగాడు.

"తొంభై ఏడు మంచుతుఫానులో మా ఇల్లు వెచ్చబెట్టే పొయ్యి ఆరిపోతే మీ రెండో గదిలో పడుకున్నాను. గుర్తుందా? ఆ పరుపు మీద నాకు ముందు మనిషన్నవాడు పడుకోలేదు. అచ్చం కొట్లోంచి దించినట్టు ఉంది." ఆర్డిస్ బొంత అంచు సరిచేసింది. "మీరు చెప్పలేదు, మేం అడగలేదు. మీకు ఇబ్బందని మేము, మాకు ఇబ్బందని మీరు. ఈ వారం ఒంటిమంచానిదే మొదలుపెట్టాం. సగంలో అందరికీ సిగ్గేసింది. ఇంకో నాలుగు వరసలు కలిపాం."

జబ్బు లేదు కాబట్టి బొంత తిరిగి ఇవ్వబోయాడు ఎల్డన్. ఆర్డిస్ వద్దంది. రెండోసారీ వద్దంది. మూడోసారి ఎల్డన్ అడగలేదు.

వాన్ మాత్రం రద్దు కాలేదు. ఎలాగూ పెట్రోలు పోయించాం, డ్రైవరు రోజు ఖాళీ చేసుకున్నాడు, షికాగో చూసి ఏళ్ళయింది అని సంఘం నుంచి ఆరుగురు ఎక్కారు. ఎల్డన్ దారిలో హోటలుకు ఫోన్ చేసి, వీధి వైపు కిటికీ కావాలన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం రంగుల స్తంభాల వీధిలో ఇద్దరూ చెయ్యి పట్టుకుని నడిచారు. ఎవరూ చూడలేదు. కుక్కలు లాక్కుపోయేవాళ్ళు, పిల్లల బళ్ళు తోసేవాళ్ళు, చేతులు కలుపుకున్న ఇంకా ఎన్నో జంటలు వాళ్ళ పక్కనుంచే పోయాయి. ముప్ఫై నాలుగేళ్ళు ఏ చూపు కోసం సిద్ధమయ్యాడో ఆ చూపు రానేలేదు. ఎల్డన్‌కు తేలికయింది. ఆ వీధికి కృతజ్ఞత చెప్పాలనిపించింది. కానీ అతని కళ్ళ ముందు కదిలింది ఆ వీధి కాదు, వసారాలో బోర్లించిన పళ్ళేలు, వాటి అడుగున టేపు మీద వంకర అక్షరాల్లో పేర్లు. ఇన్నేళ్ళూ వాళ్ళ చూపుల్లో బరువు ఉన్నమాట నిజమే. బరువు తన కాటా చూపినంతే. అది దేని బరువో మాత్రం తప్పు చదివాడు.

"కాస్త నెమ్మదిగా నడవండి అబ్బాయిలూ. మా మోకాళ్ళు మీవాటికన్నా పెద్దవి" అంది వెనక నుంచి ఆర్డిస్.

మెర్ల్ నవ్వి నడక తగ్గించాడు. వీధి చివర వచ్చింది. ఎల్డన్ అతన్ని వెనక్కి తిప్పి, ఇంకోసారి నడుద్దామన్నాడు.

ఆదివారం సాయంత్రం వాన్ ఊళ్ళోకి వచ్చేసరికి టమాటా మొక్కలన్నీ నిలువునా ఎండిపోయి ఉన్నాయి. నీళ్ళు పొయ్యాల్సిన మనిషి మూడో సీట్లో నిద్రపోతోంది.