సంచి తాత కవరడిగిన రోజు

చేసిన మంచిని దేవుడు చూస్తాడంటారు. బాగానే ఉంది. మరి చెయ్యకుండా ఊరుకున్న చెడును కూడా చూస్తాడా? ఈ అనుమానం సంచి తాతను ఇరవై ఏళ్ళుగా పీడిస్తోంది. దానం చేసినవాడి చెయ్యి నలుగురికీ కనిపిస్తుంది. వీధిలో కవరు విసరనివాడి చెయ్యి ఎవరికి కనిపిస్తుంది? రోజూ పొద్దున్నే దేవుడి పటం ముందు నిలబడినప్పుడు ఈ మాట అడుగుదామనుకుంటాడు. అడిగితే నిలదీసినట్టుంటుందని, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుని వచ్చేస్తాడు.

ఆయన కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. వీధివైపు గదిలో నాలుగైదు మిషన్లు ఎప్పుడూ పొట్టలు విప్పుకుని కూర్చుని ఉంటాయి. బయటికి వెళితే చంకలో నీలం చారల గుడ్డసంచి ఉండాల్సిందే. మొదట్లో వీధి పిల్లలు ఆయన్ని సంచి బాబాయి అనేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళ పిల్లలు సంచి తాత అంటున్నారు. ఆ సంచి వెనక ఒక చిన్న సంగతి ఉంది. ఇరవై రెండేళ్ళ కింద వానలో కాగితం పొట్లం చిరిగి సబ్బులు రోడ్డున పడితే, కిరాణా కొట్టాయన తన సంచి తీసి చేతిలో పెట్టాడు. "రేపు తెచ్చిచ్చెయ్" అన్నాడు. ఆ రేపు ఇంకా రాలేదు. మొదట మరిచిపోయాడు. గుర్తొచ్చేసరికి ఊరు ఆయనకు ఆ సంచి పేరే పెట్టేసింది. పేరు పెట్టాక ఎలా తిరిగిస్తాడు? కొట్టాయన ఎన్నడూ అడగలేదు. డబ్బులు తీసుకునేటప్పుడు ఒక్కసారి సంచివైపు చూస్తాడు, అంతే.

ఆ పొద్దున తాత అనుకున్న పని చిన్నదే. రెండు సబ్బులు, కిలో ఉప్పు తెచ్చుకోవడం, దర్జీ ఇచ్చిన మిషన్‌కు కొత్త పట్టీ వెయ్యడం. సంచి దులుపుతుంటే నాలుగో తరగతి చదివే మనవరాలు ఒంటికాలి మేజోడుతో వచ్చి ఎదురుగా నిలబడింది.

"తాతా, రేపు మా బళ్ళో ప్లాస్టిక్ నివారణ దినం. ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ చెత్తంతా తెమ్మన్నారు. ఎక్కువ తెచ్చినవాళ్ళకి పచ్చ పట్టీ కడతారు. ఏమీ తేకపోతే నల్లచుక్క."

"పడనీ చుక్క. దిష్టి తగలదు."

"రెండేళ్ళ నుంచీ నాకే పడుతోంది. మూడోది పడితే జంతుశాలకి తీసుకెళ్ళరు. బస్సు రేపు మధ్యాహ్నమే." పిల్ల చేతిలోని రెండో మేజోడు నేలకేసి కొట్టింది. "పోయినేడు రెండు సీసా మూతలు తీసుకెళ్తే తక్కెడ ముల్లు కదల్లేదు. అందరూ నవ్వారు."

వంటింట్లోంచి ముసలావిడ అందుకుంది. "మనింట్లో ఎక్కడేడుస్తుందే ప్లాస్టిక్? కవరు గడప తొక్కనిస్తేగా ఈయన! మా చెల్లెలు కవర్లో పళ్ళు తెస్తే, పళ్ళు గుమ్మంలో దింపుకుని కవరునీ దాన్నీ కలిపి పంపించేశారు."

"నేను కవర్నే పంపాను. ఆవిడ తనంతట తనే వెళ్ళింది."

మనవరాలు తాత ముఖంలోకి తేరిపార చూసింది. "తాతా, నీ కట్టుడుపళ్ళు ప్లాస్టిక్కేనా?"

తాత టక్కున నోరు మూసుకున్నాడు. తర్వాత పళ్ళు బయటపడకుండా మాట్లాడాడు. "అయిదు కిలోలు తెస్తాను చూడు. లోకమంతా అదేగా! వీధిలోకి వెళ్ళి వంగితే చాలు."

వెళ్ళాడు, వంగాడు, ఏమీ దొరకలేదు. కాలవ గట్టు మీద, మందుల షాపు వెనక, బస్సు ఆగే చోట ఎప్పుడూ మోకాలి లోతు కవర్లు ఉండేవి. ఇవాళ ఒక్క చాక్లెట్ కాగితం లేదు. పిల్లల తల్లిదండ్రులు తెల్లవారకముందే ఊడ్చుకుపోయారు. ఇరవై ఏళ్ళుగా ఆయన ఏ వీధి శుభ్రంగా ఉండాలని తిట్టాడో, ఆ వీధి అద్దంలా ఉంది. అది చూసి ఆయనకు ఒళ్ళు మండిపోయింది. శుభ్రంగా ఉన్న వీధిని చూసి కోపం తెచ్చుకోవడం జీవితంలో అదే మొదలు.

ఇక దారి లేక కొట్టు ముందు నిలబడ్డాడు. గొంతు తగ్గించి అడిగాడు. "ఏమయ్యా, పాత కవర్లేమైనా ఉన్నాయా?"

కొట్టాయన చేతిలో ఉప్పు పొట్లం జారింది. "ఏంటీ? కవరా? నువ్వా? ఇంకోసారను తాతా, నలుగురూ వింటారు."

నలుగురూ అప్పటికే విన్నారు. పంపు బాగుచేసే మేస్త్రీ, పై అంతస్తులో ఉండే ఆవిడ, ఇంకా ఇద్దరు ముగ్గురు చుట్టూ చేరారు.

"పాతవి నిన్నే అయిపోయాయి. కొత్తవి కట్టలకి కట్టలు ఎత్తుకుపోయారు. తూకానికి పనికొస్తాయని" అన్నాడు కొట్టాయన. "నీళ్ళ సీసాలున్నాయి, కావాలా? అందరూ అవే కొంటున్నారు."

తాత అప్పుడు చూశాడు. కొట్టు పక్కన మెట్ల మీద పెద్దమనుషులు వరసగా కూర్చుని, సీలు తీయని మంచినీళ్ళ సీసాలు మూత తిప్పి కాలవలో ఒంపుతున్నారు. ఒంపిన సీసా ఒక మూట, మూత ఒక మూట. మురిక్కాలవలో మంచినీళ్ళు గలగలా పారుతున్నాయి.

"బుద్ధుందా మీకు? తాగే నీళ్ళు కాలవలో పోస్తారా? చెత్త తగ్గించమంటే డబ్బిచ్చి చెత్త కొంటారా?" తాత ఒంటికాలి మీద లేచాడు.

"మా వాడు పోయినేడు రెండో స్థానంలో ఆగిపోయాడండీ" అన్నాడు మేస్త్రీ, చేతిలో సీసా ఒంపుతూనే. "మీకేం, మీకు పోటీ లేదు."

"అసలు నిన్ననాలి" అని తాత కొట్టాయన మీదికి తిరిగాడు. "ఇన్నేళ్ళుగా చెబుతున్నాను. అగ్గిపెట్టె కొన్నా కవరే, ఉల్లిపాయ కొన్నా కవరే. ఊరినంతా కవర్లో కట్టి పెట్టావు కదయ్యా! నన్ను చూసైనా..."

"నా సంచి చంకలో పెట్టుకుని నాకే నీతులా?"

కొట్టాయన ఆ మాట గట్టిగా కూడా అనలేదు. కాని సీసాలు ఒంపే చప్పుడు ఆగిపోయింది. తాత ముఖం మాడిపోయింది. ఉప్పూ సబ్బులూ మరిచిపోయి, సంచి మడిచి, దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియక చొక్కాలో దోపుకుని ఇంటికి వచ్చాడు.

ఇంత జరిగాక వ్యవహారం అక్కడితో ఆగాలి. ఆగలేదు. గంటలో పై అంతస్తావిడ ముసలావిడ దగ్గరికి పరుగున వచ్చింది. "పిన్నిగారూ, రేపట్నుంచి కవర్లు రావటగా? బకెట్లు కూడా ఆపేస్తారటగా?"

"ఎవరన్నారమ్మా?"

"ఎవరో అనడమేంటండీ? మీవారే కొట్టుకెళ్ళి కవరడిగారు. ఆయనంతటి మనిషే అడిగారంటే లోపల ఏదో తెలిసే ఉంటుంది. నిజం చెప్పండి, నేనెవరికీ చెప్పను."

"ఏమీ లేదమ్మా" అంది ముసలావిడ. లేదన్నది కాబట్టి ఉందని తేలిపోయింది. సాయంత్రానికి కొట్టులో కవర్లు, బకెట్లు, మగ్గులు, బట్టల క్లిప్పులతో సహా ఖాళీ. బియ్యం డబ్బా కొనడానికి వచ్చిన ఒకాయన, అది దొరక్క, పసిపిల్లల తొట్టె కొనుక్కుపోయాడు. ఆయనకు పసిపిల్లలు లేరు. సరే, కొన్నది కొన్నాం, రేపు బళ్ళో తూకం వేయించి తర్వాత ఇంటికి తెచ్చుకుందామని వీధి వీధంతా ఒకే ఆలోచన చేసింది. తెలివైన ఆలోచన ఒకరికే వస్తే బాగుంటుంది. అందరికీ వస్తేనే ముప్పు.

మర్నాడు బడి గేటు దగ్గర కొండ లేచింది. ఆయా తక్కెడ పట్టుకుని నిలబడింది. పక్కన రిజిస్టరు. పిల్లలు తేవడం, ఆమె తూచడం, రాయడం, వెనక్కి విసరడం. పాత కవరు, కొత్త బకెట్టు, సీసా, తొట్టె, అన్నీ ఒకే కుప్ప. మేస్త్రీ కొడుకు పచ్చ పట్టీ కట్టుకుని కుప్ప పక్కన సేనాధిపతిలా నిలబడ్డాడు.

మనవరాలి వంతు వచ్చింది. తాత చొక్కాలోంచి సంచి తీసి ఆమెకిచ్చాడు. పిల్ల దాన్ని తక్కెడలో తలకిందులు చేసి దులిపింది. ఒక దారం ముక్క రాలింది.

"సున్నా" అంది ఆయా.

హెడ్మిస్ట్రెస్ కళ్ళజోడు సవరించుకుంది. చెడ్డ మనిషి కాదు, పైవాళ్ళ కాగితాలకు భయపడే మనిషి. "ఏం చెయ్యమంటారండీ? వరసగా మూడో ఏడు. మీ ఇంట్లో పర్యావరణం మీద శ్రద్ధ లేదని రాయాల్సొస్తుంది."

"మా ఇంట్లో ప్లాస్టిక్ లేదమ్మా."

"అదే కదండీ నేననేది. ఫారంలో ఎన్ని కిలోలు తెచ్చారో రాయడానికి గడి ఉంది. అసలు వాడలేదని రాయడానికి గడి లేదు."

అంతే, తాత అగ్గి మీద గుగ్గిలం అయ్యాడు. "గడి లేదా? దేవుడి పుస్తకంలోనైనా ఉందో లేదో అని ఇరవై ఏళ్ళుగా తల బద్దలు కొట్టుకుంటున్నాను. మీ దగ్గర లేదని ఇవాళ తేలిపోయింది! చెత్త చేసినవాడికి పట్టీ, చెయ్యనివాడికి చుక్క! కాలవలో మంచినీళ్ళు పోసినవాడికి చప్పట్లు! పిల్లలకి మీరు నేర్పుతున్నది ఇదా? ఇంతకంటే వాళ్ళని బడి మానిపించి వీధులు ఊడ్చే పనికి పంపండి. కనీసం చెత్త ఎంత బరువుంటుందో తెలుస్తుంది!"

"తాతా, అరవకు" అంది మనవరాలు, చొక్కా లాగుతూ. "అందరూ చూస్తున్నారు. అయినా ఆ సంచి మనది కాదటగా?"

తాత కోపమంతా చప్పున నీరుగారిపోయింది. కొట్టు దగ్గరి మాట అప్పుడే నాలుగో తరగతి దాకా వచ్చేసిందన్నమాట. సరిగ్గా అప్పుడే గేటు బయట హారన్ మోగింది. చెత్త ఎక్కించుకోవడానికి వచ్చిన లారీ. దాని వెనక జంతుశాల బస్సు. ఆ వెనక ఎండ.

లారీ డ్రైవరు దిగి కుప్ప చుట్టూ ఒకసారి తిరిగాడు. ఒక బకెట్టు ఎత్తి లోపలికి చూశాడు. కవర్ల కట్ట ఎత్తి, దాని మీది చీటీ చదివాడు.

"ఇది చెత్త కాదమ్మా, సరుకు" అన్నాడు హెడ్మిస్ట్రెస్‌తో. "నా పర్మిట్టు చెత్తకి. కొత్త సరుకు ఎక్కిస్తే దారిలో ఆపి బిల్లడుగుతారు. నేనెక్కించను."

"పాతవైనా తీసుకెళ్ళు బాబూ!"

"అన్నీ కలిపేశారుగా. ఏరి పెట్టండి, వస్తా." లారీ వెనక్కి తిప్పుకుని పోయాడు.

బస్సు డ్రైవరు తల బయటపెట్టాడు. "గేటుకడ్డంగా ఈ కొండేంటి? తియ్యకపోతే నేనూ పోతా."

చివరికి ఆయాయే దారి చూపింది. "రిజిస్టరుందిగా మేడం. ఎవరు ఎన్ని కిలోలు తెచ్చారో అన్నే తిరిగి మోసుకుపోవాలి. మోసుకుపోయినవాళ్ళ పిల్లలే బస్సెక్కాలి."

ఆ తర్వాత బడి గేటు దగ్గర జరిగింది యుద్ధమే. "ఆ నీలం బకెట్టు నాది!" "అన్నీ నీలమే కదయ్యా!" తొట్టె తనదేనని ఇద్దరు చెరోవైపు లాగారు. కొన్నాయన మాత్రం తనది కాదని ఒట్టు వేశాడు. పచ్చ పట్టీ కుర్రాడికి లెక్క ప్రకారం ఇరవై మూడు కిలోలు వచ్చాయి. మోయడానికి మేస్త్రీకి కొత్త కవర్లు ఇస్తే, అవి రెండడుగులు వేసేలోపే చిరిగి సీసాలన్నీ మెట్ల మీదుగా దొర్లాయి. "ఎవరి దగ్గరైనా గట్టి సంచుందా?" అని మేస్త్రీ కేకేశాడు. అందరూ తాతవైపు చూశారు. తాత ఆకాశంవైపు చూశాడు.

ఆయా రిజిస్టరు మీద వేలు జరుపుతూ పేర్లు చదువుతోంది. ఒక చోట ఆగింది. "తెచ్చింది సున్నా. మోసుకుపోవాల్సింది సున్నా. నీకేం పని లేదే తల్లీ, వెళ్ళి బస్సెక్కు."

మనవరాలు కుప్ప పక్కనున్న సందులోంచి జారుకుని, బస్సులో డ్రైవరు వెనక మొదటి సీట్లో కూర్చుంది. గంటన్నర సేపు ఆ బస్సులో ఆమె ఒక్కతే. కిటికీలోంచి ఆమె చెయ్యి ఊపితే తాత తలెత్తి, బడి కప్పు మీదుగా పైకి, ఎవరికో దణ్ణం పెట్టాడు. సమాధానం వచ్చిందో లేదో ఆయన చెప్పలేడు గాని, ఇక ఆ ప్రశ్న అడగాలనిపించలేదు. ఇంకొకటి మిగిలింది. అది పైవాడిని అడిగేది కాదు, ఆయనే తీర్చాల్సింది.

ఇంటికి వచ్చి సంచి ఉతికాడు, ఎండేశాడు. కింద ఊడిన కుట్టును మిషన్ మీద పెట్టి రెండు వరసలు వేశాడు. సాయంత్రం కొట్టుకు వెళితే అక్కడ తిరునాళ్ళలా ఉంది. బకెట్లూ కవర్లూ వెనక్కి తీసుకోమని జనం కొట్టాయన మీద పడుతున్నారు. ఆయన గొంతు బొంగురుపోయింది.

తాత జనాన్ని తోసుకుని వెళ్ళి సంచిని బల్ల మీద పెట్టాడు. "ఇదిగో నీ సంచి. రేపిస్తానన్నాను. కాస్త ఆలస్యమైంది."

కొట్టాయన అరుపు సగంలో ఆగింది. సంచి విప్పి, నీలం చారల మీద చెయ్యి రాశాడు. "మా అమ్మ కుట్టింది తాతా ఇది. నిన్న నలుగురిలో ఆ మాట అనకుండా ఉండాల్సింది." అట్టడుగున వేలు పెట్టి చూశాడు. "ఈ కుట్లు?"

"అవి నావి. ఉంచుకో. రెండు సబ్బులు, కిలో ఉప్పు ఇయ్యి."

కొట్టాయన సరుకిస్తూ అలవాటు కొద్దీ కవరు కోసం బల్ల కిందికి చెయ్యి పెట్టి, తాత చూపు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తాత భుజం మీది తువ్వాలు పరిచి, సబ్బులూ ఉప్పూ మూటకట్టుకుని, ఇరవై రెండేళ్ళ తర్వాత తేలికైన చంకతో మెట్లు దిగాడు.

కొట్టాయన ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూసి, కళ్ళు తుడుచుకుని, అమ్మ కుట్టిన సంచిని నాలుగు మడతలు వేసి, మళ్ళీ దుమ్ము పడకుండా ఒక కొత్త కవర్లో పెట్టి దాచుకున్నాడు.