ఫిర్యాదు లేని బంకు

"ఇకపై మన చమురు సంస్థ అమ్మేది పెట్రోలు కాదు, సంతృప్తి!" అని మంత్రిగారు ప్రకటించగానే హాలు చప్పట్లతో దద్దరిల్లింది. వెనక వరుసలో కూర్చున్న బంకు మేనేజరుకి మాత్రం గుండెల్లో రాయి పడింది. అతని బంకులో పంపులు చెడిపోయి చాలాకాలమైంది. సంగతి బయటపడితే ఉద్యోగం ఊడినట్టే.

తనిఖీ అధికారి రానే వచ్చాడు. పంపుల వంక చూడకుండా నేరుగా ఫిర్యాదుల పెట్టె తెరిచాడు. ఖాళీ.

"కొలత తక్కువని ఎవరూ అనలేదా?"

"లేదండీ," అన్నాడు మేనేజరు నీళ్లు నములుతూ.

"క్యూలో ఆలస్యం?"

"క్యూ ఎక్కడిదండీ! వచ్చినవాళ్లు వచ్చినట్టే వెళ్లిపోతారు."

అధికారి కళ్లు చెమర్చాయి. "సర్వీస్ ఆపరేషన్స్ స్ట్రాటజీ అంటే ఇదీ!"

అధికారి నివేదికమీద నిపుణుల సంఘం కూర్చుని, ఫిర్యాదులన్నీ పెట్రోలు కొన్నవాళ్లే చేస్తున్నారని తేల్చింది. మంత్రిగారిది చురుకైన బుర్ర. అన్ని బంకుల్లోనూ అమ్మకాలు ఆపించారు. ఫిర్యాదులు ఆగిపోయాయి. సంస్థ పనితీరు అమాంతం పెరిగింది. మేనేజరుకి ఉత్తమ సేవా పురస్కారం ప్రకటించారు.

"ఇన్నాళ్లకి మీ పనితనం గుర్తించారండీ," అంది భార్య.

"నేనేం చెయ్యలేదే!"

"మరి, దాన్నేగా గుర్తించారు."

పురస్కారం ఇవ్వడానికి మంత్రిగారు బంకుకే వస్తున్నారు. ఆ ఉదయమే మెకానిక్ సంచితో దిగాడు.

"పంపు బాగుచెయ్యాలని అప్పుడెప్పుడో కబురు పెట్టారటగా సార్?"

"నీకు దణ్ణం పెడతాను, దాని జోలికి వెళ్లకు నాయనా!" అంటుండగానే మంత్రిగారి కారు ఆగింది. మేనేజరు దండ పట్టుకుని పరుగెత్తాడు. మెకానిక్ తన పని తాను చేసుకున్నాడు.

మంత్రిగారు ఫొటోకోసం పంపు గొట్టం చేతపట్టి, నవ్వుతూ మీట నొక్కారు. బూట్లు తడిసిపోయాయి.

"ఏమిటిది?"

"పెట్రోలండీ," అన్నాడు మేనేజరు చచ్చీచెడీ.

"మన దగ్గర ఉందా?"

అప్పటిదాకా చప్పట్లు కొడుతున్న జనం డబ్బాలకోసం ఇళ్లకి పరుగు లంకించుకున్నారు. తిరిగొచ్చి తోసుకున్నారు, తిట్టుకున్నారు, కొలత తక్కువని కేకలు వేశారు.

సాయంత్రానికి మేనేజరుని సస్పెండ్ చేశారు. కాళ్లీడ్చుకుంటూ ఇల్లు చేరాడు.

"అంత తప్పు ఏం చేశారండీ?" అంది భార్య లబోదిబోమంటూ.

అతను కుర్చీలో కూలబడి తల పట్టుకున్నాడు.

"పంపు పనిచేసిందే!"