ఉగార్తె కనిపెట్టిన ఈగ

ఆ ఉదయం అనస్తాసియో ఉగార్తె పెట్టుకున్న పని చిన్నది. పెట్టెలో రెండు పూల ఈగలకు తలలు ఊడిపోయాయి. వీధి చివరి అంగట్లో సాల్తెన్యాలు, అంటే మాంసం కూరిన కజ్జికాయలు, చల్లారేలోగా వాటిని అతికించాలి. కొచబాంబా ఊళ్ళోని ఆ మ్యూజియంలో ఈగల విభాగానికి అతను తాత్కాలిక అధికారి. కొత్త జాతి ఒకటి కనిపెడితేనే ఉద్యోగం పర్మనెంటని డైరెక్టరు దోన్యా మెల్చోరా, అంటే మెల్చోరా గారు, తెగేసి చెప్పింది.

ఈగ తల అతికించడానికి ఓపిక కావాలి. ఉగార్తెకు ఉన్నది ఆకలి. దొరికిన తలను దొరికిన మొండానికి అంటించి పరిగెత్తాడు.

తిని వచ్చి సూక్ష్మదర్శినిలో చూశాడు. కడుపు మీద పసుపు పట్టీలు ఆ లోయలో ఏ తోటలోనైనా కనిపించేవే. మొహం మాత్రం నల్లగా నిగనిగలాడుతోంది, మధ్యలో బొడిపె, కళ్ళ మీద నూగు. ఇలాంటిది ఏ పుస్తకంలోనూ లేదు! మెడ దగ్గర తన జిగురే మెరుస్తున్నా మహానుభావుడికి కనిపించలేదు.

"దోన్యా! కొత్త జాతి! మీ పేరే పెడుతున్నా!"

"నాకెందుకులే, మా అమ్మ పేరు పెట్టు. ఆవిడ పేరున ఈ ఊళ్ళో ఒక సందైనా లేదు."

వారం తిరిగేసరికి అమ్మగారు దోన్యా పెట్రోనిలా పట్టుశాలువాతో దిగింది. వెనకాల చుట్టాలు, బ్యాండు మేళం, మేయరు. ఈగను పరీక్షించడానికి బ్రెజిల్ నుంచి ఈగల నిపుణురాలు డాక్టర్ జురెమా కూడా వచ్చింది.

ఆమె ఒక్క చూపు చూసి నవ్వింది. "కళ్ళు నెత్తిన కలిశాయి, అంటే తల మగది. కడుపు కొస చూస్తే ఆడది. దీన్ని పట్టారా, తయారుచేశారా?"

"అరుదైన జాతి కదండీ..." ఉగార్తె నసిగాడు.

"జిగురుతో పుట్టే జాతి అరుదే మరి."

బ్యాండు ఆగిపోయింది. జురెమా మళ్ళీ వంగి చూసింది. ఈసారి నవ్వలేదు.

"ఆగండి. ఈ తల నిజంగానే ఎవరూ చూడనిది. కొత్త జాతే! రెక్క నరాలు, కాళ్ళు చూడాలి. దీని మొండెం ఏది?"

ఉగార్తె రెండడుగులు వెనక్కి వేశాడు. "రెండో తల దొరకలేదండీ... తల లేని ఈగ దేనికని... చెత్తబుట్టలో..."

"అయితే నా పేరు ఉత్త తలకాయకేనటే?" అని పెట్రోనిలా కూతురి మీద విరుచుకుపడింది.

మర్నాడే దోన్యా మెల్చోరా అతణ్ణి బల్లుల విభాగానికి మార్చింది. వాటికి ఊడేది తోకే, అదీ మళ్ళీ మొలుస్తుంది.