కింద హెచ్చరిక వేశాం

పిల్లలూ, మీరున్న చోట ఈ కథ చెప్పేవాళ్లు లేరు కాబట్టి మీరు విని ఉండరు. మీ అమ్మను నేను చెబుతాను, వినండి.

ఒక పెద్ద అడవిలో ‘వనవిజ్ఞానం’ అనే పత్రిక వచ్చేది. దాని సంపాదకుడు ముళ్లపంది పండితుడు. ఎంత లోతైన బొరియలోకైనా మట్టి గీరకుండా, చప్పుడు కాకుండా దూరే ఉపాయం ఒకటి ఆయన కనిపెట్టాడు.

సంగతి తెలిసి కుందేలు పరుగున వచ్చింది. ఈమధ్యే నలుగురు పిల్లల్ని కన్నది.

“అది అచ్చు వెయ్యకండి పండితులుగారూ! నా పిల్లలింకా కళ్లయినా తెరవలేదు.”

“మరీ మంచిది. పత్రిక చూసి భయపడరు.”

“నక్క చూస్తుంది కదండీ!”

“చూడనీ, మన మొదటి చందాదారు. విజ్ఞానం అందరి సొత్తమ్మా! అయినా కింద హెచ్చరిక వేశాం, ‘ఎవరూ ప్రయత్నించరాదు’ అని. ఇంకేం కావాలి నీకు?”

పత్రిక వచ్చిన మర్నాటికి పందికొక్కు ఇల్లు ఖాళీ.

సభ పెట్టారు. అధ్యక్షుడు ఎలుగుబంటి పత్రిక తిరగేసి గంభీరంగా తల ఊపాడు.

“హెచ్చరిక అక్షరాలు మరీ చిన్నవి. లోపం అక్కడుంది. పైగా చదువు రానివాళ్ల గతేమిటి? ఏం చెయ్యకూడదో వివరంగా ప్రతి నీటిరేవులోనూ దండోరా వేయించండి.”

“ఉపాయం చెప్పకుండా వద్దనలేరా అయ్యా?” అంది కుందేలు.

“అదేమిటో తెలియకుండా ఎలా మానుకుంటారమ్మా?”

సభంతా చప్పట్లు కొట్టింది. “అందరికీ చెప్పడం ప్రమాదం అధ్యక్షా!” అని అభ్యంతరం చెప్పింది నక్క ఒక్కటే. అప్పటిదాకా ఆ ఉపాయం వాడుకున్నది అదొక్కటే మరి.

కాకి రేవు రేవునా ఉపాయమంతా పూసగుచ్చినట్టు చెప్పి, ఆఖర్న “చెయ్యకండహో” అని అరిచింది. అప్పటికే సగంమంది లేచి వెళ్లిపోయారు.

కుందేలు పిల్లల్ని ఒక్కొక్కరినే నోట కరుచుకుని ముళ్లపొదలోకి చేర్చసాగింది. నాలుగోదాని కోసం తిరిగొచ్చేసరికి బొరియలో ఏమీ లేదు.

అది గుమ్మంలోనే కూలబడింది. అంతలో పండితుడు రొప్పుతూ వచ్చాడు.

“ఘోరం జరిగిపోయిందమ్మా! నా బొరియలో దుమ్ములగొండి దూరాడు. వ్యాసం రెండో భాగం లోపలే ఉండిపోయింది! వాడు హెచ్చరిక వినలేదా?”

“అంతదాకా ఆగలేదేమో పండితులుగారూ,” అంది కుందేలు తలెత్తకుండా. “ఉపాయం మాత్రం చాలా బాగా రాశారు. ఎక్కడా తడబడలేదు వాళ్లు.”

ఇందులో నీతి: అచ్చువేసినవాడి తప్పేమీ లేదు, చదివినవాడికి ఆకలి ఉండకూడదు, అంతే.

ఈ కథ మీ స్నేహితులకూ చెప్పండి. ఆ ఉపాయమేమిటని ఎవరైనా అడిగితే, మా అమ్మ చెప్పలేదనండి.